చేతి గీతకు కంప్యూటర్ మెరుగులు

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఈవేళ మీతో ముచ్చటించబోయేది బొమ్మల సంగతి. చేత్తో కాగితం మీద వేసుకున్న బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించి, గీతలు శుభ్రం చేసి, రంగులు నింపి, అచ్చుకు పనికొచ్చేటట్లు తయారుచెయ్యడం ఎలాగో చెప్తాను. "మాకెందుకమ్మా ఈ గొడవ, అది పెద్ద చదువుల పిల్లల పని" అనుకుని రేడియో కట్టెయ్యకండి. నేను చదివింది పదో తరగతి. మా ఇంట్లో కంప్యూటర్ మా అబ్బాయి చదువు కోసం కొన్నది. వాడు కాలేజీకి పోయాక, వంట ముగించుకుని, మధ్యాహ్నాలు దాని ముందు కూర్చుని నేర్చుకున్నాను. చుక్కలు తప్పకుండా ముగ్గు వేసే చెయ్యి, జాకెట్టు మీదికి డిజైను దించుకునే చెయ్యి మనలో చాలామందికి ఉంది. ఈ పనికి అసలు పెట్టుబడి అదే. మిగిలినది కాస్త ఓపిక.

నేను నేర్చుకున్నది పుస్తకం చూసి కాదు, తప్పులు చేసి. కాబట్టి ఆ తప్పులతోనే మొదలుపెడతాను.

2023 మాఘమాసంలో మా ఆడపడుచు కూతురి పెళ్లి జరిగింది. "అమ్మమ్మ వేసిన బొమ్మే నా శుభలేఖ మీద ఉండాలి" అని పెళ్లికూతురు పట్టుపట్టింది. అమ్మమ్మంటే మా అత్తగారు. ఆవిడ ఓపిక ఉన్న రోజుల్లో పెళ్లిపీటల మీద, కొబ్బరి బోండాల మీద బొమ్మలు వెయ్యడానికి ఊళ్లోవాళ్లు వచ్చి పిలుచుకెళ్లేవారట. అప్పటికి మాత్రం ఆవిడకు డెబ్బై తొమ్మిదేళ్లు. చెయ్యి వణుకుతోంది. అయినా మనవరాలు అడిగింది కదా అని నాలుగు రోజులు కిటికీ దగ్గర కూర్చుని పెన్సిలుతో బొమ్మ వేశారు. గంపలో పెళ్లికూతుర్ని కూర్చోబెట్టి మేనమామలు ఇద్దరూ మోసుకొస్తున్న బొమ్మ. చుట్టూ మెలికల ముగ్గు అంచు. మేనమామలంటే ఆవిడ కొడుకులే. పెద్దాయన మావారు, రెండో ఆయన మా మరిది.

బొమ్మ చూసి అందరికీ కళ్లు చెమర్చాయి. "దీన్ని శుభలేఖకు ఎక్కించే పూచీ నాది" అని నేను ధీమాగా ఒప్పేసుకున్నాను.

ఆ రాత్రే ట్యూబులైటు కింద కాగితం పెట్టి, సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి, వాట్సాప్‌లో ప్రెస్సుకు పంపించాను. మర్నాడు నమూనా కార్డు వచ్చింది. తెల్లగా ఉండవలసిన కాగితం కుడితి రంగులో ఉంది. ఒక మూల నా తల నీడ పడింది. పెళ్లికూతురి మొహంలో కళ్లెక్కడో ముక్కెక్కడో తెలియడం లేదు. ప్రెస్సాయన మర్యాదస్తుడు. "అమ్మా, ఇందులో నేను చెయ్యగలిగేది ఏమీ లేదు. బొమ్మ సరిగ్గా ఎక్కించి పంపండి" అన్నాడు. పెళ్లికి ముప్ఫై రోజులుంది. నాలుగు వందల కార్డులు వెయ్యాలి.

లోపం ఎక్కడుందో చెప్తాను. కంప్యూటర్‌కు బొమ్మ అంటే గీతలు కావు, చుక్కలు. కంటికి కనిపించనంత సన్నని చుక్కలు అడ్డంగా, నిలువుగా వరసలు పేర్చినట్లుంటాయి. వాటినే పిక్సెళ్లు అంటారు. అచ్చు బాగా రావాలంటే అంగుళానికి 300 చుక్కలైనా ఉండాలని ప్రెస్సులవాళ్ల లెక్క. మన శుభలేఖ అయిదంగుళాల వెడల్పు, ఏడంగుళాల పొడుగు అనుకోండి. వెడల్పుకు 1500, పొడుగుకు 2100 చుక్కలు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే, త్వరగా చేరడానికి అది చుక్కలను తగ్గించేస్తుంది. ఫోనులో చూసుకోవడానికి ఆ కాసిని సరిపోతాయి, అచ్చుకు చాలవు. ఒకసారి పోయిన చుక్కలు తిరిగి రావు. బొమ్మను లాగి పెద్దది చేస్తే ఉన్న చుక్కలే లావెక్కి గీత అలుక్కుపోతుంది. అందుకని పంపవలసి వస్తే ఫొటోగా కాకుండా "డాక్యుమెంట్" అన్నచోట నొక్కి పంపాలి. అప్పుడు ఉన్నది ఉన్నట్లు వెళ్తుంది.

ఇక పని వరసగా చూద్దాం.

మొదటిది, కాగితం మీద బొమ్మ. అచ్చయ్యే కొలత కంటే పెద్దదిగా వేసుకోవడం మంచిది. కార్డు చిన్నదైనా బొమ్మ ఏ ఫోర్ కాగితం నిండా వెయ్యండి. అచ్చులో చిన్నదయ్యేసరికి చిన్న చిన్న లోపాలు కూడా చిన్నవవుతాయి. ఇది కొత్తగా వచ్చిన కిటుకు కాదు. వెనకటి రోజుల్లో వారపత్రికల్లో బొమ్మలు వెయ్యాలంటే, చిత్రకారుడు ఇంకుతో గీసిన బొమ్మను కెమెరాతో ఫొటో తీసి జింకు బ్లాకు తయారుచేసేవారు. కావలసిన కొలతకు కెమెరాయే తగ్గించేది. చేతికీ అచ్చుకూ మధ్య యంత్రం అప్పుడూ ఉంది. అయినా బాపుగారి బొమ్మ అంటే, కింద సంతకం చూడక ముందే, గీత చూసి పోల్చుకునేవాళ్లం. బాపుగారు 1933లో పుట్టారు, 2014లో పోయారు. ఇప్పటికీ ఆ గీత కనిపిస్తే తెలిసిపోతుంది. యంత్రం మధ్యలో ఉన్నంత మాత్రాన చేతివాటం పోదన్నమాట. పోతే మనం పోగొట్టుకోవడమే. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

రెండోది, ఎక్కించడం. స్కానర్ ఉంటే అన్నింటికన్నా మేలు. మన ఇంట్లో లేకపోతే జిరాక్సు షాపులో ఉంటుంది. 300 దగ్గర కాదు, 600 దగ్గర పెట్టి చెయ్యమనండి. పెన్సిలు గీతలు సన్నంగా ఉంటాయి గనుక అది అవసరం. ఇంకోమాట, ఉత్తరాలకూ బిల్లులకూ వాడే "బ్లాక్ అండ్ వైట్" పద్ధతిలో చెయ్యనివ్వకండి. అందులో లేత గీతలు ఎగిరిపోతాయి. రంగులో గాని, "గ్రే" అన్న పద్ధతిలో గాని చెయ్యాలి. స్కానర్ దొరక్కపోతే ఫోనుతోనే తియ్యొచ్చు. కాని రాత్రి కాదు. పొద్దున తొమ్మిది, పది గంటల వేళ, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర కాగితాన్ని బల్లమీద పరిచి, నాలుగు మూలలా బరువు పెట్టి, ఫోను సరిగ్గా పైనుంచి పట్టుకోవాలి. ఫోను వాలితే బొమ్మ కూడా పలకలా కాకుండా చాటలా వస్తుంది. ఫ్లాష్ వెయ్యకూడదు. మరీ దగ్గరకు పోకుండా, కాస్త ఎత్తునుంచి తీసి అంచులు కత్తిరించుకోవాలి.

ఒక జాగ్రత్త. ఎక్కించకముందే అసలు కాగితం మీద ఇంకు పెట్టడం, గట్టిగా రబ్బరు రుద్దడం చెయ్యకండి. పెద్దవాళ్లు వేసినవైతే అసలే వద్దు. దిద్దుళ్లన్నీ కంప్యూటర్‌లోనే చేసుకుందాం. కాగితం కాగితంలా ఉండాలి.

మూడోది, శుభ్రం చెయ్యడం. దీనికి డబ్బు పెట్టి కొనవలసిన సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి, ఉచితంగా దొరికేవీ ఉన్నాయి. క్రిటా, గింప్ అన్నవి ఉచితంగా దొరుకుతాయి. నేను వాడేది క్రిటా. ఫోనులో వేసుకునేవాళ్లకు ఐబిస్ పెయింట్ వంటివి ఉన్నాయి. ఏది వాడినా "లెవెల్స్" అనే సాధనం కోసం చూడండి. ఒక పటంలాంటిది కనిపిస్తుంది, దాని కింద రెండు చివరలా జరిపే గుర్తులు ఉంటాయి. తెలుపు వైపు గుర్తును లోపలికి జరిపితే కాగితం మీది మసక పోయి తెల్లబడుతుంది. నలుపు వైపు గుర్తును జరిపితే గీత నల్లబడుతుంది. బియ్యంలో రాళ్లు ఏరినట్లు నిదానంగా చెయ్యాలి. అతిగా జరిపితే మసకతో పాటు లేత గీతలూ పోతాయి. మిగిలిన మరకలు, మడతలు, రబ్బరు పొట్టు ఒక్కొక్కటీ తుడుచుకోవాలి.

నాలుగోది పొరలు. వీటిని లేయర్లు అంటారు. ఈ పనిలో సగం నేర్పు ఇదే. పలచని ప్లాస్టిక్ కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచినట్లు ఊహించుకోండి. అట్టడుగున ఎక్కించిన అసలు బొమ్మ. దాన్ని తాళం గుర్తు నొక్కి కదలకుండా చేసేయ్యాలి. దాని మీద గీతల పొర. ఆ రెంటి మధ్య రంగుల పొర, నీడల పొర. ఒక పొర మీద చేసిన పని రెండో పొరకు అంటదు. రంగు నచ్చకపోతే రంగు ఒక్కటే తీసెయ్యొచ్చు, గీత చెక్కుచెదరదు.

అయిదోది గీతలు దిద్దడం. అసలు బొమ్మను లేతగా కనిపించేటట్లు చేసుకుని, పై పొర మీద నల్లగీతతో దాని వెంటే మళ్లీ గియ్యాలి. మౌసుతో ఇది కష్టం. సబ్బుముక్కతో ముగ్గు వేసినట్లుంటుంది. పలకలాంటి పెన్ టాబ్లెట్ ఒకటి ఉంటే పెన్ను పట్టుకున్నట్లే గియ్యొచ్చు. ఫోనులోనైతే బొమ్మను బాగా పెద్దది చేసుకుని వేలితో నెమ్మదిగా గీసుకోవాలి.

ఇక్కడే నా రెండో తప్పు జరిగింది. మొదటిదానికన్నా పెద్దది.

చెయ్యి వణికినా గీత తిన్నగా రావడానికి ఈ సాఫ్ట్‌వేర్లలో ఒక సౌకర్యం ఉంటుంది. మనం ఎలా గీసినా అది నున్నగా చేసిపెడుతుంది. నాకు అది చూసి సంతోషం ఆగలేదు. దాన్ని నిండుగా పెట్టేసి, అత్తగారి వణుకు గీతలన్నీ అద్దంలా నున్నగా చేసేశాను. అంతటితో ఊరుకున్నానా! గంప ఒకపక్కకు వాలి ఉంది. దాన్ని పట్టి తిన్నగా నిలబెట్టాను. మేనమామలు ఇద్దర్నీ ఒకే ఎత్తు చేశాను. వారం రోజులు పట్టింది. మెడలు పడిపోయాయి. పూర్తయ్యాక కంప్యూటర్ ముందు కుర్చీ వేసి అత్తగారిని కూర్చోబెట్టాను.

ఆవిడ కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. "బావుందమ్మాయ్. ఎవరేశారు?" అన్నారు.

నా గుండె ఆగినట్లయింది. "మీరు వేసిందేనండి అత్తయ్యగారూ. నేను కాస్త సరిచేశాను" అన్నాను.

"గంప కూడా సరిచేశావా?"

"ఒకపక్కకు ఒరిగిపోయిందండి."

"ఒరగదూ మరి? పెద్దాడు పొడుగు, చిన్నాడు పొట్టి. ఇద్దరూ కలిసి మోస్తే గంప ఒరక్క ఏం చేస్తుంది? తిన్నగా ఉంటే వాళ్లు నా కొడుకులెట్లా అవుతారు?" అన్నారు. కోపంగా అనలేదు. లేచి వెళ్లి పూజకు వత్తులు చేసుకుంటూ కూర్చున్నారు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఇరవై రెండేళ్లు ఆ ఇద్దరు అన్నదమ్ములకూ అన్నం వడ్డించినదాన్ని, ఆ ఎత్తు తేడా నాకు తట్టలేదే! ఆవిడ వేసింది ఏదో పెళ్లిబొమ్మ కాదు, తన బిడ్డల్ని. నేను పూర్తిచేస్తున్నాననుకుంటూ ఆవిడ చేతిని చెరిపేశాను.

అదృష్టం ఏమిటంటే, అడుగున అసలు బొమ్మ పొర చెక్కుచెదరకుండా ఉంది. నా నున్నని గీతల పొరను తీసి పక్కన పెట్టాను. నున్నగా చేసే సౌకర్యాన్ని కట్టేశాను. ఈసారి మొత్తం తిరగగీయడం మానేసి, ఆవిడ పెన్సిలు గీతనే నల్లబరుచుకుని, అవసరమైన చోట మాత్రం ముట్టుకున్నాను. రెండు సాయంత్రాల్లో అయిపోయింది.

అప్పటినుంచి నాకు నేను ఒక ప్రశ్న పెట్టుకున్నాను. దిద్దబోయే ముందు, "ఇది కాగితం తప్పా, చేతి తీరా?" అని అడుగుతాను. మడత, మరక, రూళ్ల గీత, నీడ, రబ్బరు మచ్చ, ఇవి కాగితం తప్పులు. నిస్సంకోచంగా తీసెయ్యండి. గీతలో వణుకు, ఒరిగిన గంప, కాస్త పెద్దదైన చెయ్యి, ఇవి చేతి తీరు. బొమ్మ మీదే అయితే మీ ఇష్టం. ఇంకొకరిదైతే వాళ్లను అడిగాకే ముట్టుకోండి. అడగడానికి వాళ్లు లేకపోతే వదిలెయ్యండి.

ఆరోది రంగులు. గీతల పొరకు "మల్టిప్లై" అనే పద్ధతి పెడితే దానిలోని తెలుపు కనిపించకుండా పోయి, నల్లగీత మాత్రం కింది రంగుల మీద నిలుస్తుంది. ఇక బిందెతో పోసినట్లు ఒక్క నొక్కుతో రంగు నింపే సాధనం ఉంటుంది. అయితే గీతలో ఎక్కడైనా సందుంటే రంగు గట్టుతెగిన చేనులో నీళ్లలాగా బొమ్మంతా పారుతుంది. వణుకు గీతల్లో ఈ సందులు ఎక్కువ. అందుకని గీతను మార్చకుండా, రంగుల పొర మీద ఆ సందు దగ్గర అదే రంగుతో చిన్న అడ్డుకట్ట వేసుకుని తర్వాత నింపాలి. ముందు అన్నిచోట్లా చదునుగా రంగు వేసుకోవాలి. నీడలు వేరే పొరలో, వెలుగు ఎటునుంచి వస్తోందో ఒక దిక్కు అనుకుని, ఆ ప్రకారమే వెయ్యాలి. రంగులు అయిదారుకు మించకుండా ఉంటే కంటికి నిండుగా ఉంటుంది. పసుపు, కుంకుమ, ఆకుపచ్చ, గంపకు వెదురు రంగు. మేము వాడినవి ఇంతే.

ఏడోది, అచ్చుకు పంపడం. కంప్యూటర్ తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో రంగు చూపిస్తుంది. అచ్చుయంత్రం నీలి, గులాబి, పసుపు, నలుపు ఇంకులతో వేస్తుంది. తెరమీద మెరిసే రంగులన్నీ ఇంకులో రావు. నేను వేసిన చిలకపచ్చ చీర మొదటి నమూనాలో గోరింటాకు ముద్ద రంగులో వచ్చింది. కాబట్టి నాలుగు వందలూ వెయ్యమనక ముందు ఒక్క కార్డు వేయించి, పగటి వెలుతురులో చూసుకోవాలి. కార్డు అంచులదాకా రంగు ఉంటే, కొలతకన్నా చుట్టూ మూడేసి మిల్లీమీటర్లు రంగు ఎక్కువ ఉంచాలి. లేకపోతే కత్తిరించేటప్పుడు తెల్ల అంచు మిగులుతుంది. ముహూర్తం, పేర్లు బొమ్మలో కలిపెయ్యకుండా వాటికి చోటు వదిలిపెట్టి, అక్షరాలు ప్రెస్సులోనే కూర్పించుకోండి. తేదీ మారినా, పేరు తప్పు పడినా బొమ్మ జోలికి పోనక్కర్లేదు.

దాచుకునే పద్ధతి కూడా చెప్పాలి. పొరలన్నీ విడివిడిగా ఉన్న ఫైలును మీ దగ్గరే ఉంచుకుని, పూర్తయిన బొమ్మను వేరుగా పంపించండి. జేపెగ్ అనే పద్ధతిలో దాచిన బొమ్మను తెరిచి, దిద్ది, మళ్లీ దాచిన ప్రతిసారీ కాస్త నాణ్యం పోతుంది. పి.ఎన్.జి. గాని, టిఫ్ గాని అయితే ఆ బెంగ లేదు.

మరి పెళ్లిపందిరి ముందు కట్టే బ్యానరుకు అదే బొమ్మ పది అడుగులు కావాలంటే? దానికి ఇంకో దారి ఉంది. ఇంక్‌స్కేప్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ చుక్కలుగా కాకుండా వంపుల లెక్కగా ఉంటుంది. ఎంత పెద్దది చేసినా గీత చెదరదు. ఎక్కించిన బొమ్మను అలా మార్చడానికి అందులోనే సాధనం ఉంది. ముగ్గులకూ, అంచులకూ ఇది శ్రేష్ఠం. అక్కడ కూడా గీతను నున్నగా చేసే మీట ఉంటుంది. ఎంతవరకు నొక్కాలో ఇప్పుడు మీకు తెలుసు.

ఈ మధ్య మాటల్లో చెబితే చాలు, బొమ్మ వేసిపెట్టే యంత్రాలు కూడా వచ్చాయి. "గంపలో పెళ్లికూతురు" అని అడిగితే క్షణంలో చక్కని బొమ్మ చేతికిస్తాయి. కాని మా మరిది పొట్టి అని వాటికి తెలియదు కదండీ.

శుభలేఖలు అందినవాళ్లలో సగంమంది బొమ్మ చూడగానే "ఇది మీ అత్తగారి చెయ్యే" అన్నారు. పెళ్లినాడు అన్నదమ్ములిద్దరూ గంప ఎత్తితే అది అచ్చం బొమ్మలోలాగే మా మరిది వైపు ఒరిగింది. అందరం అత్తగారి వంక చూశాం. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

ఇప్పుడు ఆవిడ పెన్సిలు పట్టుకోలేకపోతున్నారు. ఆ శుభలేఖ బొమ్మే ఆవిడ వేసిన ఆఖరి బొమ్మ. కాగితం బీరువాలో పట్టుచీరల మధ్య ఉంది. ఫైలు మూడుచోట్ల దాచాను.

మీ ఇళ్లలో కూడా అమ్మలు, అత్తగార్లు వేసిన ముగ్గుల పుస్తకాలు, కుట్టుపని నమూనాలు అటకమీద పెట్టెల్లో ఉంటాయి. చెమ్మకు అంటుకుపోకముందే, చిమ్మెటలు తినకముందే ఒక ఆదివారం కిందికి దించండి. రంగులు తర్వాత వేసుకోవచ్చు, పూర్తిచెయ్యడం ఎప్పటికైనా చెయ్యొచ్చు. ముందు ఆ గీతను ఉన్నది ఉన్నట్లుగా ఎక్కించి పెట్టండి. వేసినవాళ్లు ఇంట్లో ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని, ఏ గీత ఎందుకు అలా వేశారో అడగండి. ఆ జవాబులు ఏ స్కానర్‌లోనూ ఎక్కవు. మనమే వినాలి.